కూత చివర తోక

సౌసె గేటు
ఫిబ్రవరి 9, 1973

తమ్ముడు అన్సెల్మోకి, అక్క దెల్ఫినా రాసేది.

నిన్న నీ ఉత్తరం డబ్బా వచ్చి కోళ్ళగూడు మీద పడింది. ఫైర్‌మన్ అన్నాక మంట చూసుకుంటే చాలదు, గురి కూడా ఉండాలని ఆ హిలారియోకి చెప్పు. ఖాళీ యెర్బా టీఆకు డబ్బానే కదా అనుకున్నాడేమో, నా తెల్లకోడి మాత్రం జడుసుకుని గుడ్లు మానేసింది. నేను ఉత్తరాన్ని కొమ్మకి కట్టి ఎత్తి పట్టుకుంటే మాత్రం దర్జాగా అందుకుని పోతాడు. ఈ ఎత్తు మీద గూడ్సు ఆపితే మళ్ళీ కదలదని నాకూ తెలుసు. అయినా వారం వారం నా గుమ్మం ముందునుంచే వెళ్ళే తమ్ముడితో రెండు మాటలు మాట్లాడ్డానికి ఇన్ని కాగితాలు ఖర్చు చెయ్యాల్సి రావడం విడ్డూరంగా లేదూ.

మీ బావ పోయి, గేటు పని నా చేతికొచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడ చూడ్డానికి ఏముంది, గాలీ ముళ్ళపొదలూ మన్సీయా వాళ్ళ గొర్రెలూ. వినడానికి మాత్రం బోలెడు. మంగళవారం ప్యాసింజరు వస్తుంది. బెర్మూదెస్ నడిపే ఆ అమెరికన్ ఇంజను సన్నటి మనిషి మెట్లు దిగుతున్నట్టు టకటకలాడుతూ వస్తుంది. బండి బాగానే ఉంటుంది గానీ వాడి కూత వింటే కంచెలో ఇరుక్కున్న మేక గుర్తొస్తుంది. శనివారం కొత్త డీజిల్ రైలుకారు. దానికి కూతే లేదు, హారనట. బస్సేదో దారి తప్పి పట్టాలెక్కిందనుకుంటాను. గురువారం నీ జర్మన్ ఇంజను. అది వచ్చే ముందు నేను పొయ్యి మీద కెటిల్ పక్కకి జరుపుతాను, దాని చప్పుడు అడ్డొస్తుందని.

నీ కూత సంగతి. రెండు పొడుగు, ఒక పొట్టి, చివర తోక. నాన్న సాయంత్రం మన పిచిని పిలిచేవాడే, నోట్లో రెండు వేళ్ళు పెట్టి సన్నగా పైకి లేపి వదిలేసేవాడే, ఆ తోక. ఈ లైనులో డ్రైవరు డ్రైవరుకీ ఓ కూత ఉంది గానీ, కుక్కని పిలిచే కూత నీ ఒక్కడిదే.

ఈ మధ్య ఆ తోక పొడుగవుతోందిరా. నిన్న నేను జెండా చుట్టి, గేటు తీసి, నీళ్ళ బకెట్టు ఎత్తుకునే దాకా కూస్తూనే ఉన్నావు. ఎవరి మీద కోపం?

అక్క


లాస్ బర్దాస్ లోకో షెడ్
ఫిబ్రవరి 20

అక్కా,

తెల్లకోడికి నా తరఫున క్షమాపణలు చెప్పు. హిలారియో తన తరఫున అరకిలో యెర్బా పంపుతున్నాడు. అంటే ఈసారి డబ్బా ఖాళీది కాదు, నువ్వు కాస్త పక్కకి నిలబడు.

తోక పొడుగవడానికి కోపాలేం లేవు. విజిల్ పాతబడింది. లోపల ఇత్తడి అరిగిపోయి ఆవిరి వెంటనే ఆగడం లేదు. ముసలి స్కార్పా రిటైరైన రోజు షెడ్డులో అందరి ముందూ దీన్ని నా చేతిలో పెట్టాడు, గుర్తుందా? అప్పటికే దానికి నా వయసుంది. మా దగ్గర విజిల్ అమ్మరు, కొనరు, చేతిలో పెడతారంతే. డ్యూటీ ఎక్కేటప్పుడు ఇంజనుకి బిగించుకుంటాం, దిగేటప్పుడు విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటాం. రెండేళ్ళలో నేనూ రిటైరవుతాను, అప్పుడది హిలారియోది.

జూన్‌లో డాక్టరు రైలుపెట్టె వస్తుంది, కళ్ళూ చెవులూ చూడ్డానికి. ఆయన మన వీపు వెనక నిలబడి మూడంకెలు గొణుగుతాడు, మనం తిరిగి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా అవే మూడు. నలభై రెండు, పదిహేడు, ఎనభై తొమ్మిది. షెడ్డులో పిల్లికి కూడా వచ్చు. ఆయనకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, పెద్దమనిషి నొచ్చుకుంటాడని.

ఇంట్లో ఒఫీలియాకీ నాకూ రేడియో దగ్గర రోజూ పేచీ. తను తగ్గిస్తుంది, నేను పెంచుతాను. ఇంక విశేషాలేం లేవు.

అన్సెల్మో


సౌసె గేటు
మార్చి 23

తమ్ముడూ,

విజిల్ బాగు చేయించావా? నిన్న నీ కూత విని గేటు దగ్గర అలాగే నిలబడిపోయాను. రెండు పొడుగు, ఒక పొట్టి, తోక కూడా ఎక్కడ వదలాలో అక్కడే వదిలావు. నీకు ముప్పై ఏళ్ళప్పుడు అచ్చం ఇలాగే కూసేవాడివి. నీ ఇంజనేమో యాభై దాటిన మనిషిలా ఆయాసపడుతుంటే, దాని నెత్తిన ముప్పై ఏళ్ళ కూత. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో నవ్వు పోయింది.

మన్సీయా గారి కోడలు నాకో కొత్త సుత్తి తెచ్చిపెట్టింది. గేటు దగ్గర వేలాడే పట్టా ముక్క ఉంది కదా, నా గంట, నిన్న నువ్వు వెళ్తుంటే దాన్ని ఆ కొత్త సుత్తితోనే కొట్టాను. చప్పుడు పాతదానికన్నా మారిందంటావా? నీ చెవి మీద నాకు నమ్మకం, అందుకే అడుగుతున్నాను.

అక్క


లాస్ బర్దాస్ లోకో షెడ్
ఏప్రిల్ 3

అక్కా,

విజిల్‌కి కొత్త రేకు వేయించాను, అందుకే కూత కుదిరింది. నీ గంట బ్రహ్మాండంగా ఉంది. సుత్తి కాస్త బరువైనట్టుంది, మోత కొంచెం లావుగా వినిపించింది. పాతదే నాకు నచ్చింది గానీ ఇదీ అలవాటవుతుందిలే.

ఇక్కడ గాలి విపరీతం. ఒంట్లో బాగానే ఉంది. నా గురించి ఎక్కువ ఆలోచించకు.

అన్సెల్మో


సౌసె గేటు
ఏప్రిల్ 13

అన్సెల్మో,

మార్చి మొదట్లో వచ్చిన గాలికి గంట గొలుసు తెగింది. పట్టా ముక్క అప్పటినుంచీ నేల మీదే ఉంది. నేనొక్కదాన్నీ ఎత్తలేను, పట్టాలు చూసే గ్యాంగు వాళ్ళు వస్తే కట్టించుకుందామని ఊరుకున్నాను. కొత్త సుత్తీ లేదు, ఏమీ లేదు. నేను అబద్ధం రాశాను. నువ్వూ అబద్ధం రాశావు. ఒక్క తల్లి బిడ్డలం అనిపించుకున్నాం.

ఆ కూత కూడా నీది కాదు. అది హిలారియో చెయ్యి. పాపం, నీ దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టు దించేశాడు, తప్పు లేకుండా. నువ్వెప్పుడూ అంత తప్పు లేకుండా కుయ్యలేదురా, అందుకే పట్టుకున్నాను.

ఎన్నాళ్ళయింది? ఒఫీలియాకి తెలుసా?

నేను నీ అక్కనే కాదు, గేటు మనిషిని కూడా. ఈ గేటు దాటి మన్సీయా వాళ్ళ బండి వెళ్తుంది, పట్టాల మీద గ్యాంగు వాళ్ళ ట్రాలీ వెళ్తుంది. వాళ్ళు అరిస్తే వినాల్సింది నువ్వు. ఇలాంటిది తెలిస్తే పైకి రిపోర్టు రాయాలని మాకు రూలు. రాశాను. పంపలేదు. మేరీమాత పటం వెనక పెట్టాను. అది అక్కడుండగా నాకు అన్నం సయించడం లేదు. డాక్టరు వచ్చే లోపల నువ్వే చెప్పుకుంటే ఆ కాగితంతో పనిలేదు.

అక్క


లాస్ బర్దాస్
ఏప్రిల్ 24

దెల్ఫినాకి,

పంపుకో. ఇరవై ఏడేళ్ళుగా ఒక్క గొర్రెపిల్లని కూడా తొక్కించని వాణ్ణి. కోళ్ళ మధ్య కూర్చుని కూతలు కొలిచే నువ్వు నాకు డ్రైవరు పని నేర్పక్కర్లేదు. ఈ పని తీసేస్తే నేనెవణ్ణి? అది కూడా ఆ రిపోర్టులో రాయి.

ఇకనుంచి డబ్బా కోసం చూడకు.

అన్సెల్మో


సౌసె గేటు
మే 11

తమ్ముడూ,

రెండు గురువారాలు డబ్బా పడలేదు. హిలారియో నా కొమ్మ మీద ఉత్తరం అందుకుంటాడో లేదో అనుకుంటున్నాను, చెయ్యి చాస్తే చాలు, ఇస్తాను. ఇందులో రిపోర్టు మాట లేదు, భయపడకుండా చదువు.

నిన్న నీ బండి దాటిపోయాక ఒకటి తట్టింది. ఇన్నేళ్ళలో నువ్వు నీ బండిని బయటినుంచి ఎప్పుడూ వినలేదు. ఎలా వింటావు, నువ్వు దాని కడుపులో ఉంటావు. ఆ భాగ్యం మా గేటు వాళ్ళదే. అందుకని నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను, దాచుకో.

మొదట గేటు కొక్కెం సన్నగా వణుకుతుంది. పట్టాల్లోంచి వస్తుంది ఆ వణుకు. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, గాలే. ఎర్ర మలుపు దగ్గర నీ ఇంజను ఒక్క దగ్గు దగ్గుతుంది, అంతలోనే గుట్ట అడ్డొచ్చి మాయమవుతుంది. నాకు ఆ మాయమైన కాసేపూ ఇష్టం. వస్తున్నావని తెలుసు, ఎక్కడున్నావో తెలీదు. అప్పుడు ఎత్తు మొదలు. గుప్, గుప్, గుప్, గుప్. బియ్యం మూటతో మేడ ఎక్కుతున్న పెద్దాయనలా ఎక్కడా తొందర లేకుండా వస్తుంది. బెర్మూదెస్ ఇంజనైతే ఇక్కడ చక్రాలు జారి గిలగిల్లాడిపోతుంది, నీది జారదు. అయితే నాలుగింటిలో నాలుగో గుప్పు కొంచెం మెత్తగా పడుతోంది. మూడు గట్టిగా, ఒకటి మెత్తన. నెల రోజులుగా ఇంతే. ఎడమ వైపు ఏదో అరిగిందేమో షెడ్డులో చూపించు.

వాగు వంతెన మీదికి రాగానే ఆ చప్పుడంతా బోలు అయిపోతుంది, నేల కింద నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు. ఉన్ని బేళ్ళు ఎక్కించి ఉంటే పెట్టెలు మెత్తగా నడుస్తాయి. ఖాళీవైతే గిన్నెల బీరువా ఈడ్చినట్టే. ఆఖర్న గార్డు పెట్టె. దాని చక్రం ఒకటి ఓ పక్క చదునైంది, టిక్కు టిక్కుమని కుంటుకుంటూ పోతుంది. అది పోయాక కూడా పట్టాలు కొంతసేపు లోపల్లోపల మాట్లాడుకుంటాయి. నేను అది ఆగేదాకా ఉండి లోపలికి వెళ్తాను.

ఇది నీ బండి. వినడానికి చాలా బాగుంటుంది. ఆ మాట నీకు ఎప్పుడో చెప్పాల్సింది.

అక్క


లాస్ బర్దాస్ లోకో షెడ్
మే 22

అక్కా,

నీ ఉత్తరం ఇంజను మీదే చదివాను. తర్వాత ఇంట్లో ఒఫీలియాకి చదివి వినిపించాను, మధ్యలో ఆపాల్సి వచ్చింది.

నాలుగో గుప్పు గురించి నువ్వు రాసింది నిజం. షెడ్డులో విప్పి చూశారు, ఎడమ వైపు వాల్వు అరిగిపోయింది. నెల రోజులుగా అరుగుతోంది. దాని మీద నిలబడి నడిపేవాణ్ణి నేను, నాకు తెలీలేదు. నూట ఇరవై కిలోమీటర్ల అవతల కోళ్ళ మధ్య కూర్చున్న దానివి నువ్వు పట్టావు. ఆ మాట అన్నందుకు నన్ను క్షమించు.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తాను. రెండేళ్ళయింది. సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయి. గడియారం, నీళ్ళు మరగడం, పిచ్చుకలు. వాటితో నాకేం పని అనుకున్నాను. తర్వాత కూతలో తోక పోయింది. తాడు లాగుతాను, రెండు పొడుగూ ఒక పొట్టీ లావుగా వినిపిస్తాయి, ఆ తర్వాత నాన్న కూత రావాలి, రాదు. వస్తుందేమోనని ఇంకా లాగి పట్టుకుంటాను. నువ్వు కోపం అనుకున్నది అదే. ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి.

మార్చి 8న జరిగింది ఎవరికీ చెప్పలేదు. నీకు వినపడనంత ఇవతల, ఇంకో వంతెన మీద గ్యాంగు వాళ్ళు ఏడుగురు పట్టాల కింద దిమ్మలు మారుస్తున్నారు. బండికి హెచ్చరికగా ముందే పట్టాల మీద మూడు టపాకాయలు పెట్టారు, చక్రం ఎక్కితే పేలేవి. మూడూ పేలాయట. నేను ముందుకు చూస్తూ, ఈ రోజు ఇంజను ఎంత నిమ్మళంగా నడుస్తోందో అనుకుంటున్నాను. హిలారియో నా మీదుగా దూకి బ్రేకు లాగాడు. మలుపు తిరిగేసరికి వాళ్ళు. పన్నెండు అడుగుల దూరంలో ఆగాం. ముసలి పైనెమాల్ నేనేదో వేళాకోళం చేశాననుకుని టోపీ ఊపి నవ్వాడు. అక్కా, వాడు నవ్వాడు.

ఆ రోజునుంచి కూత హిలారియోది, వినడం హిలారియోది. నేనేం అడగలేదు, అతనే పూనుకున్నాడు. ఇది బయటపడితే అతని ఉద్యోగం కూడా పోతుందని తెలిసే చేశాడు.

వచ్చే నెల పదమూడున డాక్టరు వస్తాడు. ఆ మూడంకెలూ నాకు వచ్చు. చెప్పేస్తే ఇంకో ఏడాది గడిచిపోతుంది. రోజూ ఇదే ఆలోచన.

అన్సెల్మో


సౌసె గేటు
జూన్ 1

నా తమ్ముడికి,

ఏం చెయ్యాలో నీకు నేను చెప్పను. నిన్న నువ్వు గేటు దాటుతూ చెయ్యి ఊపావు, ముఖం చూశాను, నిద్ర లేదని తెలిసింది. నువ్వెవరివని అడిగావు కదా. బండి నడిపినా నడపకపోయినా, పిచి తప్పిపోయిన రోజు కొండంతా తిరిగి చంకన వేసుకొచ్చిన వాడివి. నాకు ఆ తమ్ముడు చాలు.

రిపోర్టు పటం వెనకే ఉంది. పదమూడు దాకా దాన్ని ముట్టుకోను.

అక్క


లాస్ బర్దాస్ లోకో షెడ్
జూన్ 17

అక్కా,

అయిపోయింది. రాస్తుంటే చెయ్యి తేలిగ్గా ఉంది, మిగతా ఒళ్ళంతా బరువుగా ఉంది.

డాక్టరు పెట్టెలో నా ముందు బెర్మూదెస్ వెళ్ళొచ్చాడు, బయటికొస్తూ కన్ను గీటాడు, అంకెలు మారలేదని. నేను వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నలభై రెండు నా నాలుక చివర ఉంది. గోడకి ఓ క్యాలెండరు ఉంది, దాని మీద సముద్రం బొమ్మ. అది చూస్తూ నిలబడ్డాను. వెనక ఏమీ లేదు. చాలాసేపయ్యాక అడిగాను.

“డాక్టరుగారూ, మొదలుపెట్టారా?”

ఆయన నా భుజం పట్టి తిప్పాడు. నవ్వుతున్నాడు, నేను ఆట పట్టిస్తున్నానని. అప్పుడు చెప్పాను.

“మీరేమంటారో నాకు తెలుసండి. పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. ఇవాళ మాత్రం వినపడలేదు.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నాకన్నా ఆయనే ఎక్కువ కుంగిపోయినట్టు కనిపించాడు. ఇన్నేళ్ళుగా ఎంతమందిని ఇలా పంపేశానో అన్నాడు. ఆ మాట గట్టిగా అన్నాడు కాబట్టి విన్నాను. హిలారియో పేరు నేను ఎత్తలేదు, ఆయన అడగలేదు.

నన్ను బండి దింపారు. షెడ్డు స్టోర్సులో పని ఇచ్చారు, సామాన్లు చూసుకోవడం. నిన్న అందరి ముందూ విజిల్ హిలారియో చేతిలో పెట్టాను. వాడు డ్రైవరు పరీక్ష పోయినేడే పాసయ్యాడు, వచ్చే గురువారం బండి వాడిది. కూతంతా నీదేరా అన్నాను, ఒక్క తోక తప్ప. అది మా నాన్నది, మా కుక్కది, ఇవ్వడానికి నాకు హక్కు లేదు. వాడు తల ఊపాడు. ఇప్పుడింక ఆ తోక ఎక్కడా ఉండదు. అది తలుచుకుంటేనే బాధ, మిగతాదంతా సర్దుకుంటాను.

అన్సెల్మో


సౌసె గేటు
జూన్ 22

తమ్ముడూ,

ఈ కాగితం వెనక వైపు ఏదో రాసి ఉందేమిటా అనుకోకు, అది నా రిపోర్టు. ఖాళీగా ఉన్న వైపు పాడుచెయ్యడమెందుకని దీని మీదే రాస్తున్నాను. వెనక చదివితే చదువుకో, నవ్వుకో. ‘డ్రైవరు కూత అవసరానికి మించి పొడుగుగా ఉంటోంది’ అని రాశాను, ఇన్‌స్పెక్టరు బుర్ర గోక్కునేవాడు.

నిన్న ఉదయం నుంచీ మంచు, చలికాలం వచ్చేసింది. మంచులో చప్పుడు ఎలా ఉంటుందో నీకు చెప్పలేదు కదా. దుప్పటి కప్పుకుని వస్తుంది బండి. కొక్కెం వణికింది గానీ దగ్గు వినపడలేదు, ఎత్తు మీద గుప్పులు కూడా చాలా దగ్గరికొచ్చాకే తెలిశాయి. నాలుగూ గట్టిగానే ఉన్నాయి, వాల్వు బాగా వేశారు. వంతెన కూడా అంతగా మోగలేదు.

మొన్న గ్యాంగు వాళ్ళొచ్చి గంట కట్టిపెట్టారు. పైనెమాల్ కూడా ఉన్నాడు. నీ గురించి అడిగాడు, బాగున్నాడని చెప్పాను. వాడికి యెర్బా టీ రెండు కప్పులు ఎక్కువ పోశాను, ఎందుకో చెప్పలేదు. నిన్న బండి వస్తుంటే ఆ గంట మూడుసార్లు కొట్టాను. ఇది అబద్ధం కాదు.

హిలారియో గేటుకి ముందు కూశాడు. రెండు పొడుగు. ఒక పొట్టి. అక్కడ ఆపేశాడు. ఎంత శుభ్రంగా ఆపేశాడంటే ఆ ఆపిన చోట చిన్న ఖాళీ మిగిలింది. ఇంజను నా ముందుకొచ్చింది, వాడు కిటికీలోంచి టోపీ తీసి నావైపు చూశాడు, డబ్బా మాత్రం మళ్ళీ కోళ్ళగూడు మీదే విసిరాడు.

ఆ ఖాళీని నేను ఊరికే వదల్లేకపోయాను. చేతి తొడుగు తీసి నోట్లో రెండు వేళ్ళు పెట్టుకున్నాను. నలభై ఏళ్ళయింది అలా కూసి, ముందు పళ్ళు రెండు లేవు, మొదటిసారి ఉత్త గాలే వచ్చింది. రెండోసారి వచ్చింది, సన్నగా, నాన్నది నాన్నదిలాగే. మన్సీయా వాళ్ళ కుక్క ఎక్కడో ఉన్నది మంచులో పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసింది.

పల్లంలోకి దిగే బండైతే ఇక్కడ ఆపొచ్చు. జూలై మూడు, మంగళవారం తిరుగు ప్యాసింజరు ఆపుతానని బెర్మూదెస్ మాటిచ్చాడు. ఒఫీలియాని తీసుకుని రా. గురువారం దాకా ఉండి కొక్కెం మీద చెయ్యి పెట్టి చూద్దువుగాని, గూడ్సు ఎంత దూరంలో ఉందో వేళ్ళకే తెలుస్తుంది.

తోక ఎక్కడా ఉండదని రాశావు. ప్రతి గురువారం నేను వేస్తాను. నీకు వినపడదని తెలుసు. అందుకే రాసి పంపుతున్నాను.

అక్క దెల్ఫినా